ఫౌంటెను చుట్టూ పాటలు

న్యూయార్కు నగరం పటం మీరెప్పుడైనా చూశారా? ఆ నగరానికి నడిబొడ్డు మన్‌హాటన్ ద్వీపం. 1811లో వేసిన ఒక ప్రణాళిక ప్రకారం ఆ ద్వీపంలో వీధులను చదరంగపు గళ్లలాగా తీర్చారు. చాలా వీధులకు పేర్లు లేవు, అంకెలే ఉన్నాయి. 20వ వీధి తరవాత 21వ వీధి, దాని తరవాత 22వ వీధి. లెక్క వచ్చిన వాడెవడూ అక్కడ దారి తప్పడు.

అయితే ద్వీపం దక్షిణపు కొసకు పోయేకొద్దీ ఈ లెక్క చెడిపోతుంది. అక్కడ గ్రీనిచ్ విలేజ్ అనే పేట ఉన్నది. విలేజ్ అంటే పల్లె అని మీకు తెలుసు. ఒకప్పుడు అది నిజంగా పల్లెటూరే. నగరం పెరిగి పెరిగి ఆ పల్లెను తనలో కలుపుకొన్నది. కాని అక్కడి వీధుల వంకరలు మాత్రం తీర్చలేకపోయింది. పడమటి 4వ వీధి కొంత దూరం బుద్ధిగా నడిచి, ఉన్నట్టుండి పక్కకు తిరిగి, 10వ వీధిని, 11వ వీధిని, 12వ వీధిని కూడా కలుస్తుంది! సమాంతర రేఖలు ఎన్నటికీ కలవవని బడిలో ముప్పై ఏళ్లపాటు పాఠం చెప్పిన నాకు ఆ మూలమీద నిలబడితే నవ్వు వచ్చింది.

ఈ వంకర వీధుల పేటలో ఒక తోట ఉన్నది. దాని పేరు వాషింగ్టన్ స్క్వేర్. చేతిలో ఒక గిటారు తప్ప మరేమీ లేనివాళ్లు ఒంటరిగా నిలబడి జానపద గీతాలు పాడి, ఆ తోటకు ప్రపంచమంతటా పేరు తెచ్చారు. ఆ పాటను నిలుపుకోవటానికి వాళ్లు ఒకసారి పోలీసుల ఎదుట కూర్చోవలసి వచ్చింది కూడా. పదండి, ఆ తోట చూసి వద్దాం.

హడ్సన్ నదికి అవతల న్యూజెర్సీ రాష్ట్రంలో జెర్సీ సిటీ అనే ఊరున్నది. మన తెలుగువాళ్లు అక్కడ చాలామంది కాపురముంటున్నారు. మా అమ్మాయి ఇల్లు కూడా అక్కడే. అక్కడ రైలెక్కితే అది నది అడుగున ఉన్న సొరంగంలో దూరి మన్‌హాటన్‌లో తేలుతుంది. ఆ సొరంగంలో రైళ్లు 1908 నుంచీ నడుస్తున్నాయి. తలమీద అంత పెద్ద నది ప్రవహిస్తున్నదని లోపల కూర్చున్నవాళ్లకు తెలియనే తెలియదు. 9వ వీధి స్టేషనులో దిగి అయిదారు నిమిషాలు నడిస్తే తోట వస్తుంది.

తోట విస్తీర్ణం దాదాపు పది ఎకరాలు. చుట్టూ విశ్వవిద్యాలయం భవనాలు ఉన్నాయి. ఉత్తరాన 77 అడుగుల ఎత్తుగల పాలరాతి కమాను నిలబడి ఉన్నది. జార్జి వాషింగ్టన్ 1789లో అమెరికాకు తొలి అధ్యక్షుడయినాడు గదా. నూరేళ్లు నిండిన సందర్భంలో, 1889లో, కర్రతోనూ సున్నంతోనూ ఒక కమాను కట్టారు. అది అందరికీ నచ్చింది. అందుచేత 1892లో అదే తీరున పాలరాతితో శాశ్వతమైన కమాను లేచింది. ప్రసిద్ధమైన అయిదవ అవెన్యూ అనే రాజమార్గం ఈ కమాను ముందు నుంచే మొదలవుతుంది.

ఇంత అందమయిన తోట వెనక ఒక విషాద కథ ఉన్నది. 1797 నుంచి 1825 వరకూ ఇది దిక్కులేని బీదలనూ, పచ్చజ్వరం వంటి అంటువ్యాధులతో చనిపోయినవారినీ పాతిపెట్టే చోటు. ఇరవైవేలమందికి పైగా ఇప్పటికీ ఆ నేలకింద నిద్రపోతున్నారు. తరవాత సైనికులు అక్కడ కవాతు చేశారు. ఆ తరవాత అది తోట అయింది. పేరూ ఊరూ లేనివాళ్లు పడుకున్న నేలమీదనే, ఎవరు కట్టారో తెలియని పాటలు తరవాతి కాలంలో మారుమోగాయి.

తోట నడుమ గుండ్రని ఫౌంటెను ఉన్నది. దాని చుట్టూ లోపలికి మెట్లు దిగుతాయి. నీళ్లు లేనప్పుడు చూస్తే అది చిన్న నాటకరంగంలాగా ఉంటుంది. మెట్లమీద కూర్చున్నవారికి నడుమ నిలబడినవాడు చక్కగా కనిపిస్తాడు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన రోజుల నుంచి ఆదివారం మధ్యాహ్నాలు ఇక్కడికి గిటార్లు రాసాగాయి. పదిమందితో మొదలైన ముచ్చట కొన్నేళ్లలో వందలమంది ఉత్సవమయింది.

వాళ్లు పాడినవేమిటి? మనకు ఏతం పాట ఉన్నది, దంపుళ్ల పాట ఉన్నది, పడవవాళ్ల పాట ఉన్నది. ఏ పాట ఎవరు కట్టారని అడిగితే చెప్పగలవారు లేరు. అట్లాగే అమెరికాలో బొగ్గుగనుల కూలీల పాటలు, ఓడ కళాసీల పాటలు, పత్తిచేలలో వెట్టిచాకిరీ చేసిన నల్లవారి పాటలు, రైలుదారి వేసినవారి పాటలు ఎన్నో ఉన్నాయి. వాటికి మేళం అక్కరలేదు, వేదిక అక్కరలేదు. ఒక గొంతు, ఒక గిటారు చాలు.

గిటారే ఎందుకు? మన బొబ్బిలి వీణను తలచుకోండి. పనసకర్రను తొలిచి, మెట్లు పేర్చి, తీగలు బిగించి, ఒళ్లో పెట్టుకొని కూర్చుని వాయిస్తారు. దానితో ఎంత గొప్ప సంగీతమైనా పలుకుతుంది. కాని దాన్ని మెడకు తగిలించుకొని ఊళ్లు తిరగలేము. గిటారు అట్లా కాదు. అది తేలిక. పట్టీ ఒకటి భుజాన వేసుకుంటే నిలబడి వాయించవచ్చు, నడుస్తూ వాయించవచ్చు. చేతులు రెండూ పనిలో ఉన్నా నోరు ఖాళీగానే ఉంటుంది కనుక వాయిస్తూనే పాడవచ్చు. వేణువు ఊదేవాడికి ఆ అదృష్టం లేదు!

గిటారుకు ఆరు తీగలు. అన్నిటికంటె లావు తీగ సెకనుకు దాదాపు 82 సార్లు కంపిస్తుంది. అన్నిటికంటె సన్నతీగ దాదాపు 330 సార్లు కంపిస్తుంది. అంటే నాలుగు రెట్లు. సంగీతం భాషలో చెప్పాలంటే వాటి నడుమ రెండు స్థాయిల తేడా ఉన్నది.

సన్నని తీగ తనంతట తాను గాలిని ఎంతో కదిలించలేదు. దారంతో విసిరితే గాలి వస్తుందా? విసనకర్ర కావాలి. గిటారుకు విసనకర్ర దాని పై పలక. స్ప్రూస్ అనే చలిదేశపు చెట్టు కర్రను మూడు మిల్లీమీటర్ల మందాన చెక్కి దాన్ని తయారుచేస్తారు. వీణకు గుర్రం ఉన్నట్టే గిటారుకూ ఒక గుర్రం ఉంటుంది. తీగ వణుకు ఆ గుర్రం ద్వారా పలకకు అందుతుంది. పలక వణికి బోలెడంత గాలిని కదిలిస్తుంది. పెట్టెలోని గాలి కూడా గుండ్రని రంధ్రం గుండా లోపలికీ బయటికీ ఊగి, మంద్రస్వరాలకు బలమిస్తుంది.

మీరు దీన్ని ఇంట్లోనే పరీక్షించవచ్చు. సెల్‌ఫోను గిరగిర వణికేటప్పుడు ముందు చేతిలో పట్టుకొని వినండి. తరవాత దాన్ని కర్రబల్లమీద పెట్టి వినండి. ఫోను అదే, వణుకూ అదే. అయినా బల్లమీద చప్పుడు ఎంతో పెద్దదవుతుంది. బల్ల ఇక్కడ గిటారు పలక చేసే పని చేసింది.

మెట్ల సంగతి కూడా వినండి. తీగ పొడుగు 65 సెంటీమీటర్లు అనుకోండి. దాన్ని దాదాపు 18 భాగాలు చేసి, ఒక భాగం వదిలిన చోట మొదటి మెట్టు వేస్తారు. అది సుమారు మూడున్నర సెంటీమీటర్ల దగ్గర వస్తుంది. మిగిలిన పొడుగును మళ్లీ 18 భాగాలు చేసి రెండవ మెట్టు. ఇట్లా చేసుకుంటూ పోతే, పన్నెండవ మెట్టు దాదాపు తీగ నడిమికి వస్తుంది. అక్కడ నొక్కి మీటితే పై స్థాయి స్వరం పలుకుతుంది. కాగితంమీద లెక్క చేసి చూడండి. మెట్లు పోనుపోను ఎందుకు దగ్గరవుతాయో మీకే తెలిసిపోతుంది.

అమెరికా గిటార్ల కథకు కూడా ఈ నగరంతో సంబంధమున్నది. జర్మనీ నుంచి వలస వచ్చిన మార్టిన్ అనే వడ్రంగి 1833లో మన్‌హాటన్‌లోని హడ్సన్ వీధిలో దుకాణం తెరిచి గిటార్లు చేయటం ప్రారంభించాడు. కొన్నేళ్లకు ఆయన పెన్సిల్వేనియా రాష్ట్రానికి మకాం మార్చాడు. ఆయన పెట్టిన సంస్థ ఇప్పటికీ గిటార్లు చేస్తున్నది. జానపద గాయకులలో చాలామంది చేతుల్లో కనిపించినవి ఆ గిటార్లే.

ఒక్కడే పాడుతూ వాయిస్తుంటే పాట పలచగా ఉండదా అని మీకు సందేహం రావచ్చు. అందుకొక ఉపాయమున్నది. బొటనవేలు లావు తీగలమీద తాళం తప్పకుండా ధన్ ధన్ అని నడుస్తుంటుంది. మిగిలిన వేళ్లు సన్నతీగలమీద రాగం మీటుతుంటాయి. కళ్లు మూసుకొని వింటే ఇద్దరు వాయిస్తున్నట్టు తోస్తుంది. రెవరెండ్ గేరీ డేవిస్ అనే గుడ్డి గాయకుడు ఇందులో ఆరితేరినవాడు. ఆయన 1896లో దక్షిణ కరొలైనాలో పుట్టాడు. పసితనంలోనే చూపు పోయింది. న్యూయార్కులోని హార్లెం వీధుల్లో నిలబడి పాడాడు. బొటనవేలు, చూపుడువేలు, ఈ రెండింటితోనే ఆయన ఎంతో సంగీతం పలికించేవాడు. గ్రీనిచ్ విలేజ్ కుర్రవాళ్లు వెతుక్కుంటూ ఆయన ఇంటికి వెళ్లి పాఠాలు చెప్పించుకునేవారు.

ఎలిజబెత్ కాటన్ అనే ఆమె కథ ఇంకా ముచ్చటయినది. ఉత్తర కరొలైనాలో రైలుకట్ట పక్కన ఆమె ఇల్లు. చిన్నతనంలోనే ఇళ్లలో పనిచేసి, డబ్బు కూడబెట్టి, మూడు డాలర్ల డెబ్బై అయిదు సెంట్లకు ఒక గిటారు కొన్నది. ఆమెది ఎడమచేతి వాటం. కుడిచేతివారికోసం చేసిన గిటారును తీగలు మార్చకుండా తిరగేసి పట్టుకొని తనంతట తానే నేర్చుకున్నది. ఫలితంగా అందరూ వేళ్లతో మీటేది ఆమె బొటనవేలితోనూ, అందరూ బొటనవేలితో మీటేది ఆమె వేళ్లతోనూ మీటింది! చిన్న వయసులోనే గూడ్సుబండిని గురించి ఒక పాట కట్టింది. పెద్దయి, సంసారంలో పడి, గిటారును ఎన్నో ఏళ్లు పక్కన పెట్టింది.

ఒకనాడు వాషింగ్టన్ నగరంలో ఆమె పనిచేసే పెద్ద దుకాణంలో ఒక చిన్నపిల్ల తప్పిపోయింది. కాటన్ ఆ పిల్లను తల్లికి అప్పగించింది. తల్లి సంతోషించి ఆమెను తన ఇంట్లో పనికి పెట్టుకున్నది. ఆ ఇంటివారు సీగర్లు. జానపద గీతాలను సేకరించే కుటుంబం. గోడకు గిటారు వేలాడుతుండేది. వంటమనిషి దాన్ని తీసి వాయించటం విని ఇంటిల్లిపాదీ నివ్వెరపోయారు. అరవై దాటిన వయసులో ఆమె కచేరీలు ప్రారంభించింది. తొంభై దాటాక, 1985లో, గ్రామీ బహుమానం అందుకున్నది. ఆ బహుమానం వచ్చింది కచేరీలో జనం ముందు పాడగా రికార్డు చేసిన పాటలకే. ఆమె గూడ్సుబండి పాటను గిటారు నేర్చుకునేవారు ఇప్పటికీ తొలిపాఠాలలో నేర్చుకుంటారు.

ఇక తోటనుంచి దక్షిణంగా మెక్‌డూగల్ వీధిలోకి నడుద్దాం. ఇరుకు వీధి, పాత ఇళ్లు. 1960 ప్రాంతంలో ఇక్కడ వరసగా కాఫీ హోటళ్లు ఉండేవి. 116వ నంబరు ఇంటి అడుగున, భూమిలోకి దిగే గదిలో గ్యాస్‌లైట్ అనే హోటలు ఉండేది. సాయంకాలం అయితే గాయకులు ఒకరి తరవాత ఒకరు వచ్చి నాలుగేసి పాటలు పాడేవారు. ఇక్కడి హోటళ్లలో చాలావాటిలో గాయకుడికి జీతం ఉండేది కాదు. పాట అయిన తరవాత బుట్ట ఒకటి చేతులు మారుతూ పోయేది. మన ఊళ్లో బుర్రకథ మధ్యలో పళ్లెం తిరిగినట్టే! బుట్టలో పడినవే ఆ రాత్రి భోజనం ఖర్చులు.

గ్యాస్‌లైట్‌లో ఒక వింత అలవాటు పుట్టింది. ఆ ఇంటి పై అంతస్తుల్లో సంసారులు ఉండేవారు. చప్పట్ల మోత గాలిగొట్టాల గుండా పైకిపోయి వాళ్ల నిద్ర చెడగొట్టేది. వాళ్లు ఫిర్యాదు చేశారు. అందుచేత శ్రోతలు చప్పట్లు మాని చిటికెలు వేయటం మొదలుపెట్టారు. పాట ముగియగానే గది నిండా చిటపట చిటపటమని చిటికెలు! పాడేవాడికి మెప్పు అందింది, పైవాళ్లకు నిద్ర దక్కింది.

అదే వీధిలో 110వ నంబరులో ఇజ్రాయెల్ యంగ్ అనే యువకుడు 1957లో ఫోక్‌లోర్ సెంటర్ అనే చిన్న దుకాణం తెరిచాడు. జానపద గీతాల పుస్తకాలు, గ్రామఫోను రికార్డులు, వాద్యాల తీగలు అమ్మేవాడు. కొనేవారికంటె కూర్చుని కబుర్లు చెప్పేవారే ఎక్కువ. ఊరికి కొత్తగా వచ్చిన గాయకుడెవడైనా ముందు ఆ దుకాణం గడప తొక్కేవాడు. ఈ యంగ్ పేరు గుర్తుంచుకోండి.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. వాషింగ్టన్ స్క్వేర్ తోటకు రెండు గండాలు వచ్చాయి.

మొదటిది రోడ్డు గండం. తోట మధ్యనుంచి పెద్ద రోడ్డు వేయాలని 1950 తరవాత నగరాధికారులు తలపెట్టారు. పేటలోని తల్లులు ఎదురు తిరిగారు. షర్లీ హేస్, జేన్ జేకబ్స్ అనేవారు వాళ్లలో ముఖ్యులు. ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించారు. చివరకు 1958లో తోటలోకి కార్లు రాకుండా కట్టడి చేశారు. మామూలుగా రోడ్డు తెరిచేటప్పుడు రిబ్బను కత్తిరిస్తారు గదా. ఇక్కడ రోడ్డు మూశారు కనుక రిబ్బను కట్టి ముడివేశారు! ఆ రిబ్బను పట్టుకున్నది చిన్న ఆడపిల్లలు.

రెండవది పాటకు వచ్చిన గండం. ఆ రోజుల్లో తోటలో వాద్యాలతో పాడాలంటే నగరం వారి అనుమతిపత్రం కావలసి ఉండేది. ఏళ్ల తరబడి అది దొరుకుతూనే ఉన్నది. 1961 వసంతకాలంలో యంగ్ అనుమతి కోరితే, ఉద్యానవనాల కమిషనరు న్యూబోల్డ్ మారిస్ కాదన్నాడు. జనం ఎక్కువయి తోట పాడవుతున్నదనీ, రానివాళ్లు వస్తున్నారనీ అధికారుల వాదన. చుట్టుపక్కల కాపురమున్నవారిలో కొందరికి చప్పుడు బాధగా ఉన్నమాట నిజమే. అయితే తెల్ల పిల్లలూ నల్ల పిల్లలూ పక్కపక్కన కూర్చుని పాడటం గిట్టనివారు కూడా ఆ రోజుల్లో ఉన్నారు. తోట అందరిదీ అయినప్పుడు పాట మాత్రం ఎందుకు కూడదని గాయకులు అడిగారు.

1961 ఏప్రిల్ 9, ఆదివారం. యంగ్ కొన్ని వందలమందితో తోటకు వచ్చాడు. వాళ్ల చేతుల్లో ఉన్నవి గిటార్లు, బాంజోలు. పోలీసులు అడ్డు నిలిచారు. గాయకులు ఎండిన ఫౌంటెనులో కూర్చుని పాడటం మొదలుపెట్టారు. తమ జాతీయగీతం కూడా పాడారు. పోలీసులు జనాన్ని నెట్టారు, కొందరిని ఈడ్చుకుపోయారు. పదిమంది అరెస్టయినారు. డాన్ డ్రాసిన్ అనే కుర్రవాడు ఇదంతా కెమేరాతో పట్టి, పదిహేడు నిమిషాల చలనచిత్రం తయారుచేశాడు. దాని పేరు సండే, అంటే ఆదివారం. అందువల్ల ఆనాడు ఏం జరిగిందో ఈనాటికీ మనం కళ్లారా చూడవచ్చు.

ఆ తరవాత నగరమంతా దీన్ని గురించే చర్చ. గాయకులు ఊరుకోలేదు. సభలు జరిపారు, కోర్టుకు వెళ్లారు. మే నెలలో మేయరు వాగ్నర్ ఆదివారం మధ్యాహ్నాలు తోటలో పాడుకోవచ్చునని ఒప్పుకున్నాడు. గిటార్లు తిరిగి ఫౌంటెను చేరుకున్నాయి.

అదే సంవత్సరం జనవరిలో, ఎముకలు కొరికే చలిలో, మిన్నెసోటా రాష్ట్రం నుంచి పందొమ్మిదేళ్ల కుర్రవాడొకడు ఈ పేటకు వచ్చాడు. చేతిలో గిటారు. మెడచుట్టూ తీగతో చేసిన చట్రం, దానికి బిగించిన మౌత్ ఆర్గాన్. చేతులు గిటారు వాయిస్తుంటే నోరు కాసేపు పాడుతుంది, కాసేపు మౌత్ ఆర్గాన్ ఊదుతుంది. తోటలో గొడవ జరిగిన రెండు రోజులకు, ఏప్రిల్ 11న, దగ్గరలోనే 4వ వీధిలో ఉన్న గెర్డీస్ ఫోక్ సిటీ అనే హోటల్లో అతనికి పాడే అవకాశం వచ్చింది. అతనికి ఇంకా 21 ఏళ్లు నిండలేదు. అనుమతి కాగితాలమీద పెద్దవాళ్లు సంతకం చేయాలి. హోటలు యజమాని మైక్ పోర్కో అతనికి పెద్దదిక్కుగా తానే సంతకం చేశాడు.

ఆ నవంబరు 4న యంగ్ ఆ కుర్రవాడికోసం కార్నెగీ భవనంలోని ఒక చిన్న హాలు అద్దెకు తీసుకొని కచేరీ పెట్టించాడు. టిక్కెట్టు రెండు డాలర్లు. వచ్చినవాళ్లెందరో తెలుసా? 53 మంది! ఆ కుర్రవాడి పేరు బాబ్ డిలన్. 2016లో సాహిత్యానికి నోబెల్ బహుమానం అందుకున్నది ఆయనే.

అయితే పేరు రానివాళ్లను మరచిపోకూడదు. ఆ ఫౌంటెను చుట్టూ పాడినవాళ్లలో నూటికి తొంభైమంది పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు. వారమంతా ఆఫీసుల్లో, కార్ఖానాల్లో పనిచేసి, ఆదివారం వచ్చి పాడి పోయారు. ఒకరి దగ్గర విన్న పాటను మరొకరికి నేర్పారు. జానపద గీతం బతికేది అట్లాగే.

ఒంటి గిటారుకు ఎంత బలమున్నదో 1963 ఆగస్టు 28న లోకమంతా చూసింది. నల్లవారికి సమాన హక్కులు కావాలని వాషింగ్టన్ నగరంలో దాదాపు రెండున్నర లక్షలమంది గుమిగూడారు. మార్టిన్ లూథర్ కింగ్ తన ప్రసిద్ధోపన్యాసం చేసింది ఆనాడే. గ్రీనిచ్ విలేజ్‌లో గిటారు వాయించిన డిలన్, ఒడెటా అక్కడ పాడారు. జోన్ బాయెజ్ అనే యువతి గిటారు పట్టుకొని ‘వి షల్ ఓవర్‌కమ్’ అనే పాట ఎత్తుకున్నది. జనం గొంతు కలిపారు. ఈ పాట మీకు కొత్త కాదు. హిందీ కవి గిరిజా కుమార్ మాథుర్ దాన్ని ‘హమ్ హోంగే కామ్‌యాబ్’ అని మలిచాడు. మన బళ్లలో చేతులు పట్టుకొని పాడే పాట అదే!

ఇప్పుడు ఆ పేటలో ఏమున్నది? గ్యాస్‌లైట్ 1971లో మూతపడింది. గెర్డీస్ చోటు మారి, 1987లో అదీ మూతపడింది. ఇజ్రాయెల్ యంగ్ 1973లో స్వీడన్ వెళ్లిపోయి, స్టాక్‌హోం నగరంలో అటువంటి దుకాణమే తెరిచాడు. 2019లో అక్కడే కన్నుమూశాడు. పాడినవాళ్ల పేరు వీధికి దక్కిందంటే అది డేవ్ వాన్ రాంక్ అనే గాయకుడికి. ఎందరో కుర్రవాళ్లకు గిటారు నేర్పి, తిండిపెట్టి, దారి చూపిన ఆయన 2002లో చనిపోతే, ఆ పేటలోని ఒక చిన్న వీధికి ఆయన పేరు పెట్టారు.

తోట మాత్రం నిలిచి ఉన్నది. 2009లో దాన్ని బాగుచేసినప్పుడు ఫౌంటెనును కొన్ని అడుగులు పక్కకు జరిపి కమానుకు సూటిగా నిలిపారు. నేను వెళ్లిన ఆదివారం ఫౌంటెను గట్టుమీద చోటు దొరకటమే కష్టమయింది. ఒకచోట చదరంగం, ఒకచోట డోలు, ఒకచోట పిల్లల పరుగులు. చెట్టుకింద ఒక యువకుడు గిటారు శ్రుతి చేసుకుంటున్నాడు. గిటారు పెట్టె నేలమీద తెరిచి ఉన్నది. అందులో నాలుగయిదు నోట్లు, చిల్లర. మైకు లేదు. ఆ నగరంలో మైకు పెట్టాలంటే పోలీసుల అనుమతి కావాలి.

మైకు లేకపోవటంవల్ల ఒక మేలు జరగటం గమనించాను. బయలులో ధ్వని దూరం పోయేకొద్దీ త్వరత్వరగా తగ్గిపోతుంది. దూరం రెండింతలయితే ధ్వని తీవ్రత నాలుగోవంతుకు పడిపోతుంది. అందుచేత వినాలనుకున్నవాడు దగ్గరికి రాక తప్పదు. దగ్గరికి వచ్చినవాడు మాట్లాడటం మానక తప్పదు. ముందు ఇద్దరు పిల్లలు ఆగారు. తరవాత బండిలో పసిబిడ్డను తోసుకువస్తున్న తల్లి ఆగింది. తరవాత ఒక ముసలాయన. అయిదు నిమిషాల్లో ఇరవైమంది గుండ్రంగా నిలబడ్డారు. వాళ్లు ఒకరినొకరు ఎరగరు. ఎవరూ వాళ్లను పిలవలేదు. పాట అయిపోగానే ఎవరి దారిన వాళ్లు వెళ్లారు.

పాడటానికి గొంతు దేవుడిస్తాడు. గిటారు కష్టపడి కొనుక్కోవచ్చు. పాడే చోటును మాత్రం ఊరంతా కలిసి ఇవ్వాలి, ఊరంతా కలిసి కాపాడుకోవాలి. రోడ్డు రాకుండా రిబ్బను పట్టుకున్న చిన్నపిల్లలూ, ఎండిన ఫౌంటెనులో కూర్చుని పాడిన గాయకులూ చేసిన పని అదే. పైవాళ్ల నిద్రకోసం చప్పట్లు మాని చిటికెలు వేసిన శ్రోతలు కూడా పాటను కాపాడినవాళ్లే.

పిల్లలూ! మన ఊళ్లలో తంబుర మీటుతూ తత్వాలు పాడేవారు ఇంకా ఉన్నారు. జముకు వాయించి కథ చెప్పేవారు ఉన్నారు. వాళ్లు వచ్చి నిలబడటానికీ, నలుగురు చుట్టూచేరి వినటానికీ మీ ఊళ్లో చోటు ఎక్కడున్నది? రచ్చబండా? గుడి మంటపమా? చెరువుగట్టా? బడి ముందరి మర్రిచెట్టు నీడా? వచ్చే ఆదివారం మీ స్నేహితులతో వెళ్లి వెతకండి. చోటు దొరికితే దాన్ని శుభ్రంగా ఉంచండి. పాడేవాడు వస్తే, పాట పూర్తి అయ్యేదాకా కదలకుండా నిలబడి వినండి.